కల్బాలో వంకర గోడ

గోడ బాగా కట్టినందుకు ఒక మనిషిని తిట్టాల్సి రావడం నా మొత్తం ఉద్యోగంలో ఒకే ఒక్కసారి జరిగింది. వంకరగా కట్టినవాళ్లను తిట్టడం మామూలే, దానికే నాకు జీతం ఇచ్చేవాళ్లు. కానీ ఆ రోజు కల్బా వాదీలో నూలు పట్టినట్టు నిలబడ్డ గోడను చూసి ముందు నాకు నోట మాట రాలేదు. వచ్చాక ఆగలేదు. ఇప్పుడు దుబాయ్ వెళ్తున్న పిల్లలు చల్లటి గదుల్లో పని చేస్తున్నారు, ముదీర్‌కు అంటే పై అధికారికి కోపం వస్తే ఫోన్‌లో చెబుతాడు. మమ్మల్ని ఎండలో నిలబెట్టి చెప్పేవాళ్లు. అందుకని ఈ కథలో కోపం పాలు కాస్త ఎక్కువ కనిపిస్తే సర్దుకోండి.

మాది నెల్లూరు. సివిల్ డిప్లొమా చేసి ఎనభైల నడుమ ఒక కాంట్రాక్టు కంపెనీలో సర్వేయరుగా చేరాను. దుబాయ్‌కు అవతల తూర్పు తీరంలో మా కంపెనీకి రోడ్డు పని వచ్చింది. కల్బా అంటే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క గడ్డి పరక మొలవని నల్లటి కొండలు. కొండల్లోంచి సముద్రం దాకా రాళ్లతో నిండిన ఎండు ఏరు. దాన్ని అక్కడ వాదీ అంటారు. వానొస్తే ఏరు, రాకపోతే లారీల దారి. మా రోడ్డు ఆ వాదీని దాటి పోవాలి. దాటే చోటే ఒక విదేశీ బృందం నేల తవ్వుతూ కూర్చుంది.

పాత వస్తువుల శాఖవాళ్లు మా కంపెనీని పిలిచి, రోడ్డు అక్కడికి వచ్చేలోపు ఆ బృందానికి కొందరు పనివాళ్లను అరువివ్వమన్నారు. సర్కారుతో తగాదా ఎందుకని కంపెనీ ఒప్పుకుంది. ఒక మేస్త్రినీ, ఆయన చేతికింద కూలీలనూ, ఒక డ్రైవర్‌నూ, వాళ్ల మీద నన్నూ పంపింది. నేనేం తప్పు చేశానని ఈ శిక్ష అని మా ప్రాజెక్టు మేనేజర్ని అడిగాను. ఆయన నా వైపు చూడకుండా, ఇంగ్లీషు వచ్చినవాడివి నువ్వే కదా అన్నాడు.

బృందం అంటే ఎంతోమంది అనుకునేరు. ఆ చలికాలం మిగిలింది ఒక్క మేడమ్. యాభై దాటిన మనిషి. ఎండకు ముక్కు మీద చర్మం ఊడిపోతూ ఉండేది. తలకు గుడ్డ చుట్టుకుని, పొద్దున నుంచి మోకాళ్ల మీద కూర్చుని, మన తాపీ లాంటి చిన్న తాపీతో మట్టిని గీరుతూ ఉండేది. మా వాళ్లు పార ఎత్తగానే "షువయ్య, షువయ్య" అనేది, అంటే మెల్లగా అని. నేను అంతకన్నా మెల్లగా జరిగిన పనిని నా జీవితంలో చూడలేదు. ఒక మంచమంత చోటు తవ్వడానికి వారం. ఆ వారంలో నేను ఎంత రోడ్డుకు గుర్తులు పెట్టేవాణ్నో తలచుకుంటే నాకు ఒళ్లు మండేది. పైగా ప్రతి రాయినీ కొలవమనేది. మామూలు రాళ్లు, వాదీలో కోట్లు పడి ఉన్న రాళ్లు.

ఒకరోజు విసుగు ఆపుకోలేక అడిగాను, "మేడమ్, ఇంతకీ మీరు దేని కోసం వెతుకుతున్నారు?"

ఆమె తాపీతో కాస్త దూరంలో ఉన్న గుండ్రటి సమాధిని చూపించింది. చక్కగా చెక్కిన రాళ్లతో కట్టిన పాత సమాధి అది. "దాన్ని కట్టినవాళ్ల గురించి అందరూ రాశారు. ఎంతో తర్వాత ఇనుము వాడినవాళ్లు వచ్చారు, వాళ్ల గురించీ రాశారు. ఈ రెండిటి మధ్య కొన్ని వందల ఏళ్లున్నాయి. అప్పటివాళ్ల గోరీలు దొరికాయి కానీ ఇళ్లు దొరకలేదు. దొరకలేదు కాబట్టి వాళ్లకు ఇళ్లే లేవని, మేకల వెనక తిరిగేవాళ్లని తేల్చేశారు."

"తిరిగితే తప్పేముంది?"

"తప్పేమీ లేదు. నిజంగా తిరిగారా లేదా అని ఎవరూ చూడలేదు, అంతే."

అంత ఎండలో ఆ మాట కోసం కూర్చోవడం నాకు అర్థం కాలేదు. కానీ కొన్నాళ్లకు ఆమె వెతుకుతున్నది దొరికింది. మోకాలెత్తు గోడ. దాన్ని గోడ అనడానికి నాకు మనసొప్పలేదు. గుండ్రటి సమాధి నుంచి పీకి తెచ్చిన చెక్కుడు రాళ్లు కొన్ని, వాదీలో ఏరిన గుండ్రాళ్లు కొన్ని, అడ్డదిడ్డంగా పేర్చి మట్టి మెత్తారు. ఒకచోట లోపలికి, ఒకచోట బయటికి. దాని పక్కన తొక్కి గట్టిపరచిన నేల, నేల మీద పొయ్యి బూడిద, చేప ముళ్లు, గవ్వలు, కుండ పెంకులు. ఆ పెంకులు తను వెతికే కాలానివేనని మేడమ్ చూడగానే చెప్పింది. అసలు సంగతి ఇంకొకటుంది. ఆ బూడిద పొర తిన్నగా వచ్చి గోడ అడుగున ఆగిపోయింది. గోడ ముందు కట్టి, దాన్ని ఆనుకుని వంట చేసుకుంటేనే అలా ఆగుతుంది. అంటే ఆ గోడా ఆ పొయ్యీ ఒకే ఇంటివి. అరచెయ్యి వెడల్పున్న ఆ కలిసే చోటే మేడమ్ దగ్గరున్న మొత్తం రుజువు. తీరంలో ఇంకెక్కడా అలాంటిది దొరకలేదంది. ఆ సాయంత్రం ఆమె నాకూ డ్రైవర్‌కూ తన చేత్తో చాయ్ పెట్టి ఇచ్చింది. పాపం, చాయ్ చేయడం రాదు.

ఇక మా మేస్త్రి. జగిత్యాల దగ్గరి పల్లెటూరు. పెద్దవాడు, మాట తక్కువ, చెయ్యి మంచిది. ముసఫ్ఫాలో షెడ్లు కట్టి, ఎక్కడెక్కడో కాంపౌండ్లు కట్టి కల్బా చేరాడు. మేడమ్ రాకముందే శాఖవాళ్లు ఒక ఇంజినీరును పెట్టి, ఆ గుండ్రటి సమాధి పడిపోయిన రాళ్లను ఈయన చేతనే మళ్లీ ఎత్తించి నిలబెట్టించారు. చూడటానికి వచ్చిన పెద్దలు ఆయనకు చెయ్యి కలిపి ఫోటో దిగారు. ఆ ఫోటో ఇంటికి పంపాడు. అందుకని పాత రాళ్ల పని అంటే ఆయన మనసులో ఒక లెక్క ఉండిపోయింది.

ఈ వంకర గోడ మాత్రం ఆయనకు కంట్లో నలుసైంది. రోజూ దాని పక్క నుంచి పోతూ ఒకసారి ఆగేవాడు.

"సారూ, గీ గోడ ఎవడు కట్టిండో గని, వానికి మేస్త్రిపని రాదు. రెండు రాళ్లు కలిసే జోడు మీద మల్ల జోడు రావద్దు గద. అన్ని జోళ్లు ఒక్కతాననే ఉన్నయి."

"వేల ఏళ్ల కిందటి గోడ మేస్త్రీ. వాళ్లెట్టా కడితే నీకెందుకు?"

"నాకేంది. సూడబుద్ది గాదు, అంతే."

నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వే మాటే కదా మరి.

ఇంతలో రోడ్డు దగ్గరికొచ్చేసింది. మా రోడ్డు గీత సరిగ్గా ఆ గోడ మీదుగా పోతుంది. రోడ్డును కొండ వైపు కాస్త వంచమని మేడమ్ శాఖకు మొర పెట్టుకుంది. శాఖ ముదీర్ స్వయంగా వచ్చి చూసి చెబుతానన్నాడు, మా రోడ్డు ఇంజినీరు కూడా వెంట వస్తాడు. ఇల్లుందని నమ్మితే రోడ్డు వంగుతుంది, లేకపోతే నేల చదును చేసే గ్రేడర్ దాని మీదుగా పోతుంది.

ముందు రోజు మేడమ్ అందరినీ పిలిచి, రేపు పెద్దలు వస్తారు, చోటు శుభ్రంగా ఉండాలి, గోడ బాగా కనబడాలి అంది. కూలీల్లో అన్ని రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు కాబట్టి నేను దాన్ని హిందీలో చెప్పాను. తర్వాత మేడమ్ ఆ పెద్దలను తీసుకొచ్చే ఏర్పాట్లకని ఊళ్లోకి పోయింది. ముదీర్‌కు నీడకు గుడారం కావాలి, కుర్చీలు కావాలి అని నన్నూ డ్రైవర్‌నూ షార్జా స్టోరుకు తోలింది కంపెనీ. అక్కడ స్టోర్‌కీపర్ భోజనానికి పోయాడు. తర్వాత నమాజుకు పోయాడు. తర్వాత తాళం ఇంకొకరి దగ్గరుందన్నాడు. మా డ్రైవర్ కడప ముస్లిం, ఓపికకు మారుపేరు, అతనే చివరికి, "సార్, ఈయప్ప మనకు కుర్చీలు ఇచ్చేలోపు ఈ గుడారం మనమే కుట్టుకుంటాం" అన్నాడు. కొండలు దాటి కల్బా చేరేసరికి పొద్దు వాలుతోంది.

గోడ నిలబడి ఉంది. మోకాలెత్తు కాదు, నడుమెత్తు. వంకర లేదు. జోడు మీద జోడు లేదు. రాళ్ల మూలలు సుత్తితో కొట్టి సరిచేసి ఉన్నాయి. రెండు చివర్లా మేకులు పాతి కట్టిన నూలు ఇంకా అలాగే ఉంది. కింద నేల అద్దంలా ఊడ్చారు. మేస్త్రి చేతులు కడుక్కుంటూ, ఎలా ఉందన్నట్టు నా మొహంలోకి చూశాడు.

"ఏంది మేస్త్రీ ఇది?"

"బాగ కనవడాలె అన్నరు గద సారూ."

"పాతది ఏమైంది?"

"గదే గిది. రాళ్లన్నీ గవ్వే, పక్కకు పడ్డయి సుత ఏరి పెట్టిన. పునాది దాంక ఇప్పి మల్ల కట్టిన. మన్ను తక్కువైతే గీ పొయ్యికాడి మన్ను మంచిగ జిగట ఉండె, గదే కలిపిన."

ఆ బూడిద, ఆ ముళ్లు, ఆ పెంకులు, అరచెయ్యంత కలిసే చోటు, అన్నీ ఇప్పుడు ఆ గోడలో రాళ్ల మధ్య గారగా ఉన్నాయి. గోడ పైభాగం బొమ్మ మేడమ్ గీసుకుంది. కానీ అడుగున పొర ఆగిన చోటు ముందు రోజే పూర్తిగా బయటపడింది. పొద్దుటి వాలు వెలుతురులో అయితే స్పష్టంగా వస్తుందని ఫోటో రేపటికి పెట్టుకుంది. ఆ మెల్లతనానికి నేను ఎన్నోసార్లు తిట్టుకున్నాను. ఆ రోజు తిట్టుకున్నంత ఎప్పుడూ తిట్టుకోలేదు.

తర్వాత మేస్త్రిని తిట్టాను. ఏం తిట్టానో రాయను. ఆయన ముందు తల వంచుకుని విన్నాడు. కాసేపటికి ఆయనకూ కోపం వచ్చింది.

"సారూ, జర ఆగుండ్రి. గా గుండ్రం దాన్ని కట్టమనలేదా? కడితే ఫోటోలు దిగలేదా? గది కడితే మంచిగయింది, గిది కడితే తప్పయిందా? ముసఫ్ఫల ఒక కన్సల్టెంటు వచ్చి బ్లాకుల గోడ వంకరున్నదని అందరి ముంగట కాలుతోని తన్ని పడగొట్టిండు. అది నా గోడ గాదు. ఎవలది అని ఎవ్వడడగలే, మేస్త్రి నేనున్న, నన్నే తిట్టిండు. రేపు వాళ్లొచ్చి గీ గోడ చూసి, మీ మేస్త్రి ఎవడు అంటే నువ్వేమంటవు? నన్నే సూపిస్తవు."

నిజమే, ఆయన్నే చూపించేవాణ్ని. అదే ఎక్కువ చిరాకు. తప్పు అంత స్పష్టంగా కనబడుతుంటే, తప్పు చేసినవాడి మాటలో అంత న్యాయం ఉండటం నాకు నచ్చలేదు.

మేడమ్ వచ్చింది. జీపు దిగి గోడ దాకా వచ్చి ఆగింది. గోడ అడుగున మోకాళ్ల మీద కూర్చుని, ఊడ్చిన నేల మీద వేళ్లతో తడిమింది. రాళ్ల మధ్య తడిమట్టిలోంచి ఒక చేప ముల్లును లాగి చేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత నన్ను పిలిచి, పాత గోడలో ఏ రాయి ఎక్కడుందో గుర్తుందా అని మేస్త్రిని అడగమంది. ఆయనకు గుర్తు లేదు. వంకర గోడను ఎవరు గుర్తు పెట్టుకుంటారు? ఆమె వెళ్లి జీపులో కూర్చుంది.

తెల్లారి ముదీర్ వచ్చాడు. పొడవాటి మనిషి, మంచివాడు, నవ్వు మొహం. మా రోడ్డు ఇంజినీరు వాచీ చూసుకుంటూ వెనక వచ్చాడు. మేం తెచ్చిన కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు. ముదీర్ గుంత అంచున నిలబడి గోడను చూశాడు.

"మాషా అల్లాహ్," అన్నాడు. "అప్పట్లోనే ఇంత బాగా కట్టారా?" ఇంజినీరు వైపు తిరిగాడు. "చూడు. ఇది ఇల్లు కాదంటావా?"

ఇంజినీరు కిందికి వంగి గోడను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. రోజూ గోడలు చూసేవాడు. "గోడే," అని ఒప్పుకున్నాడు.

"అయితే రోడ్డు కొండ వైపు పోనీ. ఖలాస్."

డ్రైవర్ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. మేస్త్రి దూరంగా నిలబడి ఉన్నాడు, భాష అర్థం కాకపోయినా మొహాలు చూసి సంగతి తెలిసిపోయింది. నిన్నటి నుంచి వంగి ఉన్న తల ఎత్తాడు. మనసులో నేను ఆయనకు సగం క్షమాపణ చెప్పుకున్నాను కూడా. గోడ అబద్ధమైనా కింద ఇల్లు నిజం. ఇంకా ఎన్ని గోడలున్నాయో, తీరిగ్గా తవ్వుకోవచ్చు.

"ఈ గోడ నిన్న కట్టింది," అంది మేడమ్.

ముదీర్ ఆమె వైపు తిరిగాడు. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. రాళ్లు పాతవి, నిలబెట్టింది నిన్న. ఇక్కడ ఉండిన రుజువు ఇప్పుడు లేదు, ఫోటో లేదు. ఇల్లుందని తన కళ్లతో చూసిందట, తన మాట నమ్మమని మాత్రమే అడగగలదట. పనివాళ్ల తప్పు లేదని కూడా చెప్పింది. మధ్యలో ఆపితే బాగుండునని నేను దేవుళ్లందరికీ మొక్కాను.

ముదీర్ నవ్వు పోయింది. "నేను మీ మాట నమ్ముతాను. కానీ నా పైవాళ్లకు నేనేం చూపించాలి? నిన్నటి గోడ చూపించనా?"

"రుజువు లేదని ఆమే అంటున్నారు కదా," అన్నాడు ఇంజినీరు, వాచీ చూసుకుని.

ముదీర్ చివరికి, యంత్రాలు ఇక్కడికి చేరేలోపు ఇంకోచోట ఏమైనా దొరికితే తనను పిలవమన్నాడు, తనే మళ్లీ వస్తానన్నాడు. అంతకు మించి ఆయన చేయగలిగిందీ లేదు. పోతూ పోతూ గోడను ఇంకోసారి చూసి, మేస్త్రి ఎవరని అడిగి, చెయ్యి కలిపి పోయాడు. మేస్త్రి, ఆ చెయ్యి ఎందుకు కలిపాడో అర్థం కాక, నా వైపు చూశాడు.

జీపులో నేను మర్యాద మరిచిపోయాను. "మేడమ్, మీరు ఒక్క మాట మాట్లాడకపోతే సరిపోయేది. రోడ్డు వంగేది. మీ ఇల్లు మీకు మిగిలేది."

"మిగిలేది," అంది ఆమె. "ఆ గోడ గురించి తర్వాత నేను రాయాలి. ఏం రాయమంటారు?"

"ఏదో ఒకటి రాయండి."

"ఏదో ఒకటి రాసినవాళ్ల వల్లే అప్పటివాళ్లకు ఇళ్లు లేకుండా పోయాయి."

ఆ మాటకు నేను అప్పుడు ఇంకా మండిపడ్డాను. ఇప్పుడూ చల్లబడ్డానని చెప్పలేను. ఇది చదివే పిల్లలు ఆమెను మెచ్చుకుంటారని నాకు తెలుసు. చదువుతూ మెచ్చుకోవడం తేలిక. ఆ గుంత పక్కన నిలబడి, వంగిన రోడ్డు కళ్లముందే మళ్లీ తిన్నగా అయిపోవడం చూస్తే తెలిసేది.

మిగిలిన రోజుల్లో మేం పిచ్చిపట్టినట్టు తవ్వాం. అందరికన్నా ఎక్కువ పాటుపడ్డది మేస్త్రి. కానీ ఆయనకు ఇప్పుడు ఏ రాయిని ముట్టాలన్నా భయం. గులకరాయిని కదపడానికి కూడా నన్ను పిలిచి, "సారూ, ఇది తియ్యొచ్చునా?" అని అడిగేవాడు. ఆయన మెల్లతనం చూడలేక మేడమే "యల్లా, యల్లా" అని తొందరపెట్టేది. గవ్వలు దొరికాయి. ఒక పొయ్యి కూడా దొరికింది, దాని పక్కన గోడ లేదు. గోడలాంటి రాళ్ల వరస ఒకటి దొరికింది, దాని పక్కన నేల లేదు. రెండూ కలిసిన చోటు మళ్లీ దొరకలేదు. యంత్రాల చప్పుడు రోజురోజుకూ దగ్గరైంది. చివరికి కంపెనీ మమ్మల్ని వెనక్కి పిలిచింది. ఆ చోట రోడ్డుకు మేకులు పాతి గీత పెట్టాల్సిన సర్వేయరును నేనే. పెట్టాను. గ్రేడర్ ఒక పూటలో దాటిపోయింది.

మేడమ్ వెళ్లే రోజు మేస్త్రి తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, గోడ నిజంగా చాలా బాగుందని చెప్పమంది నాతో. చెప్పాను. ఆయన మొహం తిప్పుకుని ఏడ్చాడు. ఆమె ఇంకో వాదీలో ఇంకో చలికాలం చూస్తానంది. నాకు తెలిసినంతవరకు మళ్లీ రాలేదు.

గ్రేడర్ రాకముందే ముదీర్ ఒక పని చేయించాడు. మేస్త్రి పనితనం ఆయనకు నచ్చింది. ఆ గోడ రాళ్లన్నిటినీ మోయించి, గుండ్రటి సమాధి చుట్టూ మా మేస్త్రి చేతనే కాంపౌండు గోడ కట్టించాడు. ఈసారి సిమెంటుతో.

కొన్నాళ్లకు కంపెనీ బస్సులో అందరం ఫుజైరా వైపు ఇంకో పనికి పోతుంటే, డ్రైవర్ ఆ కొత్త రోడ్డు మీద గుండ్రటి సమాధి దగ్గర నీళ్లకని ఆపాడు. కాంపౌండు గోడకు కొత్త బోర్డు పెట్టారు, అరబీలో, ఇంగ్లీషులో. మేస్త్రి దిగి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఏం రాసిండ్రు సారూ?"

చదివి చెప్పాను. ఈ సమాధిని కట్టినవాళ్లు గొప్ప శిల్పులట. వాళ్లు పోయాక ఇనుము వాడేవాళ్లు వచ్చేదాకా కొన్ని వందల ఏళ్లు ఇక్కడ ఎవరూ ఇళ్లు కట్టుకుని ఉండలేదట.

ఆయన బోర్డును చూడలేదు. బోర్డు కింద తను కట్టిన గోడను చూశాడు. ఒక రాయి మీద చెయ్యి పెట్టాడు.

"మరి గీ రాళ్లు ఎవల ఇంటియి?"

బస్సులోంచి డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది, దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

"బస్సు ఎక్కు మేస్త్రీ," అన్నాను.